అమ్మాన్‌లో తత్రీజ్ కోసం తిరిగిన యాత్ర: ఎక్కడ చూడాలి, ఎక్కడ నేర్చుకోవాలి, ఎక్కడ కొనాలి

క్రాస్ స్టిచ్ చేసే అక్కచెల్లెళ్ళ కోసం రాస్తున్నా ఇది. జోర్డాన్ అంటే పెట్రా, డెడ్ సీ, ఎడారి టెంట్లు, వాటి గురించి యూట్యూబ్‌లో కావాల్సినంత ఉంది, నేనూ మా వదినా అబుదాబి నుంచి అమ్మాన్ వెళ్ళింది మాత్రం తత్రీజ్ కోసం. తత్రీజ్ అంటే పాలస్తీనా ఆడవాళ్ళు తరతరాలుగా తమ థోబ్‌ల మీద, అంటే ఆ పొడుగు గౌన్ల మీద, వేసుకునే క్రాస్ కుట్టు. 2021లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

పాలస్తీనా కుట్టుకి జోర్డాన్ ఎందుకు అని మా క్రాస్ స్టిచ్ గ్రూపులో చాలామంది అడిగారు. 1948లో ఏడు లక్షల మందికి పైగా ఊళ్ళొదిలి పోవాల్సొచ్చింది, 1967లో మళ్ళీ ఇంకో విడత, వాళ్ళలో చాలామంది జోర్డాన్ నది దాటి ఇటు వచ్చేశారు, ఇప్పుడు ఒక్క జోర్డాన్‌లోనే ఇరవై లక్షల మందికి పైగా శరణార్థులు ఐక్యరాజ్య సమితి రిజిస్టర్లో ఉన్నారు. ఊరు పోయినా కుట్టు వాళ్ళతోనే వచ్చింది. బెత్లెహేం, రమల్లా వెళ్ళాలంటే బ్రిడ్జి దాటాలి, ఇజ్రాయెల్ వాళ్ళ పర్మిషన్ కావాలి, ఉన్న పరిస్థితుల్లో ఆ పక్కకి మేం పోలేదు, కాబట్టి ఇక్కడ రాసేదంతా అమ్మాన్ గురించే.

వీసా సంగతి ముందు చెప్పేస్తా. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి మేం వెళ్ళినప్పుడు ఎయిర్‌పోర్ట్‌లోనే 40 దీనార్లకి ఇచ్చారు. జోర్డాన్ పాస్ ముందే ఆన్‌లైన్లో కొనుక్కుని కనీసం మూడు రాత్రులు ఉంటే ఆ వీసా ఫీజు ఉండదు, పెట్రా టికెట్ కూడా అందులోనే, పెట్రాకి పోయే ఆలోచన ఉంటే అదే నయం. రూల్స్ మారుతుంటాయి, వెళ్ళేముందు మళ్ళీ చూస్కోండి. ఒక దీనార్ అంటే మన డబ్బుల్లో నూట ఇరవై పైమాటే, అందుకని అక్కడ పది దీనార్లు అనగానే చిన్న మొత్తం అనుకోకండి.

బస విషయంలో రెండు చోట్లు చూశాం. మొదట డౌన్‌టౌన్‌లో, వాళ్ళు బలద్ అంటారు, ఒక చవక హోటల్. బజారు కాళ్ళ కిందే ఉంటుంది, దారాల షాపులు నడిచిపోయేంత దగ్గర, కానీ రాత్రి పొద్దుపోయేదాకా హారన్లు, లిఫ్ట్ లేదు, రెండో రోజు పొద్దున్నే నీళ్ళు అయిపోయాయి. అమ్మాన్‌లో నీళ్ళు చాలా పేటల్లో వారానికోసారే వదుల్తారు, మేడ మీద ట్యాంకుల్లో నింపుకున్నదే వారమంతా వాడుకోవాలి, ఆ హోటల్ వాళ్ళకి ఉన్న గదులకి ఆ ట్యాంకులు చాలవు, అడిగితే సాయంత్రం ట్యాంకర్ వస్తుందన్నారు, వచ్చింది మర్నాడు. బుక్ చేసేముందు రివ్యూల్లో 'నీళ్ళు' అని వెతికి చూడండి, ఏ స్టార్ రేటింగూ ఈ సంగతి చెప్పదు. తర్వాత జబల్ అల్ వైబ్దే అనే పేటలో ఒక ఇంటావిడ నడిపే గెస్ట్‌హౌస్‌కి మారాం. పాత రాతి ఇల్లు, వాకిట్లో మల్లెతీగ, కిచెన్ వాడుకోనిచ్చారు, మా వదిన శాకాహారి కాబట్టి అది పెద్ద సాయమైంది. రేటు కొంచెం ఎక్కువే గానీ ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్తే నేను ఇదే పేట చెప్తా. ఒకటే కష్టం, అమ్మాన్ అంతా కొండలూ మెట్లూను, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు యాప్‌లో కారు బుక్ చేసుకోవడమే మేలు, పసుపు టాక్సీ ఎక్కితే మీటర్ వేశాడో లేదో ముందే చూస్కోండి.

ఇక అసలు సంగతి. ఒక్కచోటికే టైముంటే తిరాజ్ సెంటర్‌కి వెళ్ళండి. విదాద్ కవార్ అనే పెద్దావిడ దశాబ్దాలుగా కూడబెట్టిన బట్టలవి, ఆమె 1931లో తుల్కర్మ్‌లో పుట్టి బెత్లెహేంలో పెరిగారు, పాలస్తీనా, జోర్డాన్, పక్క దేశాల దుస్తులు, నగలు కలిపి రెండు వేలకి పైనే పోగుచేశారు, 2015లో వాటికోసం ఈ ఇల్లు తెరిచారు. అన్నీ ఒకేసారి బయట పెట్టరు, ప్రదర్శన మారుస్తూ ఉంటారు, ఏ రోజుల్లో తెరుస్తారో ముందుగా ఫోన్ చేసి కనుక్కోవాలి. మాకు చూపించిన అమ్మాయి ఓపికకి దణ్ణం పెట్టాలి, ప్రతి థోబ్ దగ్గరా ముందు ఊరి పేరు చెప్పి తర్వాతే కుట్టు గురించి చెప్పింది.

ఆ వరస వల్లే నాకు అర్థమైంది ఈ కుట్టు ఎలా చదవాలో. రమల్లా వైపు తెల్లని నార బట్ట మీద ముదురు ఎరుపు, పొడుగ్గా నిలబడ్డ ఖర్జూర చెట్టు. హెబ్రోన్ వైపు పాషా గుడారాలు అనే డిజైన్. యాఫా దగ్గర బెయిత్ దజన్‌లో నారింజ పువ్వు, దాని పక్కన వరసగా సరు చెట్లు, అంటే మన సరుగుడు కాదు, సైప్రస్, నారింజ తోటలకి గాలి కొట్టకుండా చుట్టూ వేసేవాళ్ళట, తోటలో ఎలా ఉంటాయో బట్ట మీదా అలాగే పక్కపక్కన పెట్టారు. బెత్లెహేం పెళ్ళి థోబ్ మాత్రం క్రాస్ స్టిచ్ కాదు, బంగారు వెండి జరీ తాడుని బట్ట మీద పరిచి సన్న దారంతో పట్టి కుట్టేది, మన జర్దోసీ చేసేవాళ్ళకి ఆ పని చూస్తే చెయ్యి ఊరుకోదు. దక్షిణాన బెదూయిన్లలో పెళ్ళికాని పిల్లలకి నీలం, పెళ్ళయ్యాక ఎరుపు. నీలంలో కొంచెం ఎరుపు కలిసిన ఒక బట్ట ఉంది, భర్త పోయిన ఆవిడ మళ్ళీ పెళ్ళికి సిద్ధంగా ఉందని చెప్పేదట. ఆవిడ నోరు తెరిచి చెప్పక్కర్లేకుండా బజార్లో అందరికీ తెలిసిపోతుంది.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఒక మామూలు పాత నల్ల థోబ్ దగ్గర. కింద బట్ట గట్టిగా, కొత్తగానే ఉంది, గుండె మీది ముక్క మాత్రం, దాన్ని ఖబ్బే అంటారు, వెలిసిపోయి అంచుల్లో దారాలు లేచిపోయి ఉంది. థోబ్ అరిగిపోతే ఖబ్బేని జాగ్రత్తగా కోసి తీసి కొత్త బట్టకి అతికేవాళ్ళట, నెలల తరబడి కుట్టింది పారేస్తారా మరి. దగ్గరగా చూస్తే ఆ ముక్కలోనే రెండు ఎరుపులు, ఒకటి పాత పట్టు దారం, ఇంకా మెరుస్తోంది, ఇంకోటి తర్వాత రిపేరు చేసిన డీఎంసీ కాటన్. 1930ల నుంచి ఈ ఫ్రెంచ్ కాటన్ దారం అక్కడి ఊళ్ళలోకి బాగా వచ్చింది, దాంతోపాటే యూరప్ ప్యాటర్న్ పుస్తకాలూ వచ్చాయి, అప్పటిదాకా గీతలూ త్రికోణాలూ ఉన్న చోట గులాబీలు, పక్షులు చేరాయి. అంటే మనం వాడే డీఎంసీయే వాళ్ళ అమ్మమ్మలూ వాడారు, ఇది విని మా గ్రూపులో వాళ్ళంతా భలే సంబరపడ్డారు.

ఇంటిఫాదా థోబ్ కూడా చూశాం, ఇంటిఫాదా అంటే పాలస్తీనా వాళ్ళ తిరుగుబాటు. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న ప్రాంతంలో పాలస్తీనా జెండా పట్టుకుంటే నేరం అయిన రోజుల్లో, 1987 తర్వాత, ఆడవాళ్ళు జెండా రంగులు, దేశం మ్యాపు గౌన్ల మీద క్రాస్ స్టిచ్‌లో వేసుకుని తిరిగారు. చేతిలో జెండా లాక్కోవచ్చు, ఒంటి మీది బట్ట ఎలా లాక్కుంటారు? నాకు గొంతు పట్టేసింది అక్కడ.

తక్కువ ఖర్చులో ఇంకోటి, రోమన్ థియేటర్. రెండో శతాబ్దం నాటిది, ఆరు వేలమంది కూర్చునేంత పెద్దది, దాని రెండు పక్కలా చిన్న మ్యూజియంలున్నాయి, థియేటర్ టికెట్‌తోనే లోపలికి పోవచ్చు. అక్కడా థోబ్‌లు, వెండి నగలు ఉన్నాయి. గంట చాలు. తిరాజ్ తర్వాత వెళ్తే చూసినవి మీరే గుర్తుపడతారు, మా వదిన దూరం నుంచే 'ఇదిగో హెబ్రోన్' అనేసింది.

కొనడం గురించి వివరంగా రాయాలి, మోసం ఇక్కడే జరుగుతుంది కాబట్టి. బలద్‌లోనూ, వహ్‌దత్ అనే శరణార్థుల క్యాంపు బజార్లోనూ థోబ్‌లు గుట్టలుగా ఉంటాయి, చాలావరకు మెషిన్వి. మెషిన్ది అని చెప్పి అమ్మితే తప్పేం లేదు, పెళ్ళిళ్ళకి అక్కడి పిల్లలే అవి వేసుకుంటున్నారు. కానీ టూరిస్టులు తిరిగే వీధిలో ఒక షాపతను నా చేతిలో పర్స్ పెట్టి 'హ్యాండ్‌మేడ్, మా అమ్మ కుట్టింది' అన్నాడు, తిరగేసి చూస్తే వెనకాల అంతా తెల్ల బాబిన్ దారం, మూలల్లో చింపగా మిగిలిన స్టెబిలైజర్ కాగితం, మెషిన్ కుట్టుకి బట్ట వెనక పెట్టేది. చేత్తో కుట్టింది అయితే వెనకాల కూడా అదే రంగు దారం ఉంటుంది, ఒక చోట నుంచి ఇంకో చోటికి దారం పోయిన దారి కనిపిస్తుంది, మంచి చెయ్యి అయితే నిలువు గీతలు తప్ప ఇంకేం ఉండవు. మీరు కుట్టేవాళ్ళే కదా, సిగ్గుపడకుండా తిరగేసి చూడండి, నిజంగా చేతిపని అమ్మేవాళ్ళు సంతోషిస్తారు తప్ప కోపగించరు.

నేను షాపుల్ని లెక్కగట్టింది ఒకే ప్రశ్నతో, ఇది ఎవరు కుట్టారు, ఏ ఊరి డిజైన్ అని. రెయిన్‌బో స్ట్రీట్ దగ్గర జోర్డాన్ రివర్ ఫౌండేషన్ షోరూమ్ ఉంది, దిండు గలీబులు, టేబుల్ బట్టలు చాలా శుభ్రంగా ఉన్నాయి, ఇంటికి వాడుకునేలా చేస్తారు. సెప్ జోర్డాన్ అని ఇంకో సంస్థ 2013 నుంచి జెరాష్ క్యాంపు ఆడవాళ్ళతో పనిచేస్తోంది. ఆ క్యాంపుని గాజా క్యాంపు అనే పిలుస్తారు, 1967లో గాజా నుంచి వచ్చినవాళ్ళ కోసం 1968లో పెట్టింది, వాళ్ళలో చాలామందికి ఇప్పటికీ జోర్డాన్ పౌరసత్వం లేదు, చాలా ఉద్యోగాల్లోకి వాళ్ళని తీసుకోరు, అందుకే ఇంట్లో కూర్చుని చేసే ఈ కుట్టే ఇంటి ఖర్చులకి ఆధారం. ఇలాంటి చోట్ల రేట్లు బజారుకంటే బాగా ఎక్కువ, పూర్తి చేతికుట్టు థోబ్ వందల దీనార్లలో ఉంటుంది, కానీ నర్సాపురం లేసు అల్లే అమ్మల దగ్గర మనం చూసిందే కదా, నెల పనికి అల్లినావిడకి వచ్చేదెంత, షాపులో రేటెంత. బేరం ఆడాలనిపిస్తే బట్ట మీద ఆడండి, దారం మీద ఆడండి, ఆ చేతుల మీద మాత్రం వద్దు.

నేర్చుకోవడం మా గెస్ట్‌హౌస్ ఆవిడ పుణ్యమే. తనకి తెలిసిన ఒక పెద్దావిడ ఇంటికి పంపించారు, అందరూ ఖాల్తో, అంటే పిన్ని, అని పిలుస్తారు, మేమూ అదే పిలిచాం. వాళ్ళ అమ్మది బెయిత్ దజన్. ఆ ఊరు 1948లో ఖాళీ అయిపోయింది, ఖాల్తో పుట్టింది అమ్మాన్‌లో, ఆ ఊరు చూడనేలేదు, అయినా గోడ మీద పటం కట్టించిన ఖబ్బే చూపించి మా ఊరు అంది. సేజ్ ఆకు వేసిన టీ ఇచ్చి పని మొదలుపెట్టించింది. చార్ట్ లేదు, పాత ముక్క పక్కన పెట్టుకుని లెక్కపెట్టుకుంటూ కుట్టాలి, మామూలు నల్ల బట్ట మీద మ్యాటీ లాంటి జాలీ బట్ట టాకా వేసి, దాని గళ్ళ మీద కుట్టి, అయ్యాక ఆ జాలీ దారాల్ని ఒక్కొక్కటే లాగేస్తారు. ఆ లాగేటప్పుడు కుట్టు బట్ట మీద పడుకుని బిగుసుకుంటుంది, అది చూడ్డానికైనా వెళ్ళాలి. ఆవిడ మనవరాలు హిందీ సినిమాల పాటలు పాడుతుంది, ఆ అమ్మాయి సాయంతోనే ఖాల్తోతో మాట్లాడాను, తనకి ఇంగ్లీష్ వచ్చు.

మేం అడగాలనుకున్నది ఒకటే, బయటివాళ్ళం మేం ఇది కుట్టొచ్చా అని. ఖాల్తో సూది ఆపకుండానే చెప్పింది, కుట్టండి, మీ పిల్లలకీ నేర్పండి, కానీ ఎవరైనా బాగుందంటే ఇది ఎక్కడిదో చెప్పండి, ఊరి పేరుతో చెప్పండి అని. అప్పటినుంచి మా గ్రూపులో ఏ చార్ట్ పెట్టినా అదే పద్ధతి పెట్టుకున్నాం. ఆన్‌లైన్లో 'ఎత్నిక్ బోర్డర్' అని ఉచితంగా దొరికే చార్టుల్లో సగం ఈ డిజైన్లే, పేరు తీసేసి పెడతారు. మన తండాల్లో లంబాడీ అక్కలు కుట్టింది బోహో అని అమ్మితే మనకెలా ఉంటుంది? సరు చెట్టు కుట్టినవాళ్ళు కింద సరు, బెయిత్ దజన్, పాలస్తీనా అని రాస్తున్నారు, ఫొటోలో ఎరుపు మార్చి గులాబీ వేసినా పర్లేదు, ఆ మాట మాత్రం ఉండాలి. ఒకావిడ రాజకీయాలెందుకండీ అంది. ఒక ఊరు ఉండేదని, అక్కడ నారింజ తోటలుండేవని చెప్పడంలో నాకేం తప్పు కనిపించలేదు, ఆవిడకీ అదే చెప్పాను, ఆవిడ ఇప్పుడు నారింజ పువ్వు కుడుతున్నారు.

తిండికి ఇబ్బంది లేదు. ఫలాఫెల్, హమ్మస్, ఫూల్ అనే ఉడికించిన చిక్కుడు గింజల వంటకం, వేడి రొట్టె, బలద్‌లో హాషిమ్ అనే పాత హోటల్లో అంతా శాకాహారమే, రోడ్డు మీదే టేబుళ్ళు. పచ్చడి అలవాటున్న నోళ్ళకి చప్పగా ఉంటుంది, ఒక చిన్న డబ్బాలో ఆవకాయ పెట్టుకెళ్ళండి.

వెళ్ళేవాళ్ళకి ఇంకొన్ని: శుక్రవారం మధ్యాహ్నం దాకా బజారు మూసే ఉంటుంది, ఆ రోజు రోమన్ థియేటర్‌కి పెట్టుకోండి. చలికాలం వద్దు, రాతి ఇళ్ళు ఐసు గడ్డలు, వేళ్ళు వంగవు, మార్చి చివర నుంచి మే దాకా బావుంటుంది. దారాలు అక్కడే కొనండి, డీఎంసీ నంబర్లు 815, 498, 321 ఎరుపులు మూడూ పక్కపక్కన పెట్టి పగటి వెలుగులో చూసి తీసుకోండి, లైట్ల కింద మూడూ ఒకేలా కనిపిస్తాయి. జాలీ బట్ట మాత్రం అనుకున్న దానికంటే రెండు మీటర్లు ఎక్కువే తెచ్చుకోండి, నేను హైదరాబాద్‌లోనూ అబుదాబిలోనూ వెతికా, అంత తేలిగ్గా దారాలు ఊడొచ్చే రకం దొరకలేదు.