ది ఫాంటసీ ఫ్యాన్: కథల కన్నా ఉత్తరాలే రంజుగా ఉన్నాయి

ముందే చెప్పేస్తున్నా, కథల కోసమైతే దీని జోలికి వెళ్ళక్కర్లేదు. పాఠకుల ఉత్తరాల కోసం మాత్రం తప్పకుండా చదవండి.

'ది ఫాంటసీ ఫ్యాన్' అమెరికాలో 1933 సెప్టెంబరులో మొదలై 1935 ఫిబ్రవరికి మూతపడ్డ, వింత కథల, భయానక కథల అభిమానుల మాసపత్రిక. మొత్తం 18 సంచికలు. నడిపింది చార్లెస్ హార్నిగ్ అనే 17 ఏళ్ళ కుర్రాడు. వెల 10 సెంట్లు, రాసినవాళ్ళకి పైసా ముట్టేది కాదు, అందుకే పెద్ద పత్రికలు తిప్పి పంపిన సరుకు కొంత ఇందులోకి చేరింది. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైటులో సంచికలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఫోన్‌లో చదవలేక అమలాపురంలో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను. మార్జిన్ వదలకుండా తీశారు మహానుభావులు, ప్రతి పేజీలో లోపలి వైపు అక్షరాలు చిల్లుల్లో పోయాయి.

అసలు మజా మొదటి సంచిక నుంచే ఉంది. 'బాయిలింగ్ పాయింట్' అని పాఠకుల తగాదా ఉత్తరాలకే ఒక శీర్షిక పెట్టారు. ఫారెస్ట్ ఆకర్‌మన్ అనే 16 ఏళ్ళ పిల్లాడు క్లార్క్ యాష్టన్ స్మిత్ అనే వింత కథల రచయిత మీద పడ్డాడు. స్మిత్ కథ ఒకదాంట్లో అంగారకుడి గుహల్లో మనుషుల కళ్ళు పీకేసే జీవి ఉంటుంది, ఆ కథ వేరే ఒక సైన్సు కథల పత్రికలో వచ్చింది, అక్కడ అలాంటి భయానక కథ వేయడమేంటని వీడి గొడవ. అంతే, స్మిత్ జవాబిచ్చాడు, భయానక కథల్లో పేరుమోసిన లవ్‌క్రాఫ్ట్ అంతటివాడు కలం పట్టుకుని కుర్రాడికి గట్టిగా వడ్డించాడు, మిగతావాళ్ళూ ఎక్కువమంది స్మిత్ పక్షానే చేరారు, కానీ వాడు తగ్గలేదు. 1934 ఫిబ్రవరి దాకా సాగింది ఈ రచ్చ.

ఈ బైండు మా వీధిలో చేతులు మారింది. రిటైరైన మాస్టారు ఒకాయన పూర్తిగా ఆకర్‌మన్ వైపు. "ఆయ్, వాడు అడిగింది న్యాయమే కదండీ! డబ్బులిచ్చి కందిపప్పు అడిగినోడికి మినప్పప్పు కట్టిస్తే ఊరుకుంటాడా?" అన్నారు. మా మేనల్లుడు స్మిత్ వైపు, కథ భయపెట్టిందా లేదా అన్నదే చూడాలి గానీ ఏ పత్రికలో వస్తే ఏంటంటాడు. వీళ్ళిద్దరూ ఎంత దూరం వెళ్ళారంటే, మాస్టారు మూడు పేజీల ఖండన రాసి మావాడి చేతికిచ్చారు, వాడు వాట్సాప్‌లో జవాబు పెట్టాడు.

నాకు బాగా పట్టింది మాత్రం మా పిన్ని మాట. కళ్ళు పీకే జీవి కథ నా చేత చెప్పించుకుని, "ఏ ఊళ్ళోరా ఇది?" అంది. అంగారకుడి మీద అన్నాను. "అయితే మనకేం భయం!" అని లేచి వెళ్ళిపోయింది. మన కోనసీమ దెయ్యాలకి అడ్రసు ఉంటుంది కదా, ఫలానా లాకుల దగ్గర, ఫలానా చింతచెట్టు కింద, ఎవరింటి కోడలో కూడా చెబుతారు. ఈ పత్రికలో చాలా కథలు లేని ఊళ్ళలో, నోరు తిరగని పేర్ల మధ్య జరుగుతాయి. ఇంగ్లీషు కూడా బరువే, ఒక వాక్యం ముగిసేసరికి మొదలు మర్చిపోతాం. లవ్‌క్రాఫ్ట్ కథ ఒకటి, రాబర్ట్ హోవర్డ్ కథ ఒకటి పర్లేదు. కవితలు నేను దాటేశాను.

ఇంకో చిరాకు. భయానక సాహిత్యం మీద లవ్‌క్రాఫ్ట్ పెద్ద వ్యాసం 1933 అక్టోబరు నుంచి సీరియల్‌గా వేశారు, చక్కగా సాగుతోంది అనుకునేలోపు పత్రికే ఆగిపోయింది, వ్యాసం సగంలో ఉండిపోయింది. అది పూర్తిగా కావాలంటే విడిగా వెతుక్కోండి.

ఐదుకి మూడున్నర ఇస్తాను, అందులో మూడు ఉత్తరాలకే. డబ్బు దండగ చేసుకోకుండా 1933 సెప్టెంబరు నుంచి 1934 ఫిబ్రవరి వరకు ఆరు సంచికలే ప్రింటు తీయించండి, బైండింగ్ వైపు అంగుళం ఖాళీ వదలమని షాపువాడికి దగ్గరుండి చెప్పండి.