పెద్దవాళ్లతో సాలార్‌జంగ్ మ్యూజియం: తొందర పడకుండా చూస్తేనే బాగుంటుంది

పోయినసారి అమ్మానాన్నల్ని ఒక టూర్ బస్సు ఎక్కించాను. ఒక్కరోజులో ఆరు చోట్లు, ప్రతిచోటా "త్వరగా రండి" అనే కేకలు, సాయంత్రానికి అమ్మ మోకాళ్లు వాచిపోయాయి. అందుకే ఈసారి ఒకే ఒక్క చోటు, హైదరాబాద్ దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియం, అనుకుని వెళ్లాం.

నిజంగా మంచి పని చేశాం. గోల్కొండలోలా వందల మెట్లు ఎక్కే పని లేదు, ఎండ లేదు, ఒక గది చూసి కాసేపు కూర్చుని మళ్లీ లేవొచ్చు. పన్నెండుకు కాస్త ముందే అక్కడి పేరున్న పాత గడియారం దగ్గరికి చేరి కూర్చున్నాం, ఎందుకంటే గంటగంటకీ చిన్న గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది కదా, పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు! నాన్న వేళ్లు మడిచి లెక్కపెట్టారు. అమ్మ మాత్రం ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన 'మేలిముసుగు రెబెకా' విగ్రహం ముందు నుంచి కదల్లేదు, పాలరాయిలో ముసుగు వెనక ముఖం ఎలా కనిపిస్తోందిరా అని నన్ను మూడుసార్లు అడిగింది.

ముప్ఫైకి పైగా గ్యాలరీలున్నాయి, అన్నీ చూడాలని పట్టుబట్టకండి. శుక్రవారం సెలవు, చౌమహల్లా ప్యాలెస్‌కీ అంతే. స్కూళ్లకి సెలవున్న రోజుల్లో పిల్లల గుంపులు ఎక్కువ కాబట్టి మామూలు రోజు పొద్దున్నే వెళ్తే టెన్షన్ ఉండదు. బయట పాతబస్తీ ట్రాఫిక్‌లో ఆటో దొరకడమే కష్టం, తిరుగు బండి ముందే మాట్లాడుకోండి.

వచ్చేనెల చౌమహల్లాకి, అమ్మ ఇప్పటికే రోజు కూడా చెప్పేసింది.