కొండదారి అల్ట్రాకి (మారథాన్‌ని మించిన దూరపు పరుగుకి) మందుల షాపు ఓఆర్‌ఎస్: ఉప్పుకి సై, తిండికి నై

విజయవాడలో తెల్లవారకముందే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు పరుగెత్తే జట్లను గమనిస్తే, ఖరీదైన ఎనర్జీ జెల్లు (పరుగులో మింగే చక్కెర పాకం ప్యాకెట్లు) ఒకరిద్దరి జేబుల్లోనే కనిపిస్తాయి. మిగతావాళ్ల దగ్గర ఉండేది మందుల షాపు ఓఆర్‌ఎస్ ప్యాకెట్. ధర ఇరవై పాతిక రూపాయలు. గవర్నర్‌పేటలోనైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా, అర్ధరాత్రి రైల్వే స్టేషన్ ఎదుటైనా దొరుకుతుంది. పది కిలోమీటర్లకో ఇరవైఒకటికో దీని గురించి ఇంత రాయక్కర్లేదు. దక్షిణాఫ్రికా కామ్రేడ్స్ లాంటి 90 కిలోమీటర్ల కొండదారి రోడ్డు పరుగుకి ఇదే ప్యాకెట్‌ను నమ్ముకుంటే ఏం దక్కుతుంది, ఎక్కడ దెబ్బతీస్తుంది అన్నదే ఈ సమీక్ష. ముందే చెప్పేస్తున్నాం: ఉప్పూ నీరూ అందించడంలో ఈ ధరకి దీనికి సాటి లేదు. తిండిగా లెక్కేసుకుంటే మాత్రం సగం దారిలో కాళ్లు మొరాయిస్తాయి.

ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఫార్ములా ప్రకారం లీటరుకి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. మొత్తం 20.5 గ్రాములు. రుచి, రంగు కలిపినవి ఒకటి రెండు గ్రాములు ఎక్కువ తూగుతాయి. కలిపాక ఆస్మొలారిటీ, అంటే ద్రావణంలో కరిగిన కణాల చిక్కదనం, 245. ఈ అంకెలు కనిపించకపోతే అది మీకు కావలసిన సరుకు కాదు.

టెట్రా ప్యాక్‌లో పళ్ల రుచితో అమ్మిన డబ్బాలను చాలామంది ఇదే అనుకుని కొన్నారు. అలాంటివాటిలో చక్కెర లీటరుకి వంద గ్రాముల దాకా ఉండేది, సోడియం మాత్రం అసలు ఫార్ములాకి దరిదాపుల్లో ఉండేది కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ ఫార్ములా పాటించని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడకూడదని ఆదేశించింది. ఎండలో వాంతులు పట్టుకున్న పిల్లలకి అది ప్రాణం మీదకి తెచ్చే పొరపాటు. రన్నర్‌కి అయితే ఉప్పు తాగుతున్నాననుకుంటూ చక్కెరనీళ్లు తాగడం.

పని చేసే తీరు సులువైనదే. చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజ్ ఒకే ద్వారంలోంచి జంటగా లోపలికి వెళ్తాయి, నీరు వాటి వెంట పోతుంది. అందుకే అందులో గ్లూకోజ్ ఉన్నది బలానికి కాదు, తలుపు తీయడానికి. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరాల్లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులను కాపాడింది ఈ కిటుకుతోనే. లీటరులో సోడియం 1,725 మిల్లీగ్రాములు వస్తుంది. మామూలు స్పోర్ట్స్ డ్రింకుల్లో అందులో మూడో వంతు కూడా ఉండదు. చొక్కా ఆరాక తెల్లటి చారలు పడేవాళ్లకి, టోపీ అంచున ఉప్పు పేరుకునేవాళ్లకి ఇది పెద్ద వరం.

ఎంత తాగాలి? దూరపు పరుగులో చాలామందికి గంటకి 300 నుంచి 600 మిల్లీగ్రాముల సోడియం సరిపోతుంది. లీటరు ద్రావణాన్ని మూడు గంటలకి సర్దితే గంటకి 575. మిగతా దాహం మామూలు నీళ్లతో తీర్చుకోవాలి. మొదటి నుంచి చివరి దాకా ఓఆర్‌ఎస్ ఒక్కటే తాగేవాళ్లకి ఆరో గంటకల్లా ఆ ఉప్పదనం నోటికి వెగటు పుడుతుంది, ఆ తర్వాత ఏదీ గొంతు దిగదు.

కలపడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. మొత్తం ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, అంతే. సైకిలు బాటిల్ 750 మి.లీ. ఉంది కదా అని ప్యాకెట్ అంతా దానిలో పోస్తే ఆస్మొలారిటీ 327కి పోతుంది. రక్తంలో అది 290 చుట్టూ ఉంటుంది. అంతకన్నా చిక్కగా ఉన్నదాన్ని పల్చబరచడానికి పేగే ముందు తన నీటిని వదులుతుంది. అరలీటరులో కలిపితే 490. దిగుడు రోడ్డు మీద కడుపులో గుడగుడ, ఆ తర్వాత పొదలు వెతుక్కోవడం.

సగం ప్యాకెట్ చేసుకోవడంలోనూ ఒక చిక్కుంది. రవాణాలో కుదుపులకి పలుకుల సైజును బట్టి ఉప్పు ఒకచోట, గ్లూకోజ్ ఒకచోట చేరతాయి. కత్తిరించి కళ్లతో సగం పోస్తే మొదటి బాటిల్‌లో ఏముందో రెండోదాంట్లో అదే ఉంటుందన్న నమ్మకం లేదు. శిక్షణ రోజుల్లో లీటరు మొత్తం కలిపి రెండు అరలీటరు సాఫ్ట్ ఫ్లాస్కుల్లో (నొక్కితే ముడుచుకునే మెత్తటి సీసాల్లో) పోసుకోవడం మేలు. పొడిగానే తీసుకెళ్లాలంటే పొడి గిన్నెలో ప్యాకెట్ విప్పి బాగా కలియబెట్టి, బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద సగం సగం తూచి జిప్ కవర్లలో పెట్టాలి. ఆ వారంలోనే వాడేయాలి. మన కృష్ణా ఒడ్డు తేమకి తెరిచిన పొడి రాయిలా గడ్డకడుతుంది, రంగు మారితే పారేయడమే. కలిపిన ద్రావణం 24 గంటలు దాటితే వాడొద్దు, వేడి చేయొద్దు. క్యాన్ నీళ్లయినా ఫిల్టర్ నీళ్లయినా ఫర్వాలేదు. సోడా మాత్రం వద్దు.

ఇక తిండి లెక్క. 60 కిలోల మనిషికి చదును రోడ్డు మీద కిలోమీటరుకి దాదాపు 60 కేలరీలు ఖర్చు. తొంభైకి 5,400, కొండలు ఎక్కినదానికి అదనం. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం ఇచ్చేది ఇందులో రెండు వేల లోపే. కొంత కొవ్వు పూరిస్తుంది, మిగతాది నోటి ద్వారానే రావాలి. గంటకి 50 గ్రాముల కార్బోహైడ్రేట్ చొప్పున పదకొండు గంటలకి 550 గ్రాములు. నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇచ్చేది 54. పదో వంతు!

అయితే ఓఆర్‌ఎస్‌లోనే చక్కెర కలిపేస్తే? లీటరుకి 40 గ్రాముల చక్కెర వేస్తే ఆస్మొలారిటీ 360 దాటుతుంది. చిక్కబడిన నీరు చేసే పని పైన చెప్పాం. ఉప్పు ఒక ఫ్లాస్కులో, బలం ఇంకోదాంట్లో ఉండాలి.

ఆ రెండో ఫ్లాస్కుకి మనకి మంగళగిరిలోనే మంచి ఫార్ములా ఉంది: పానకం. లీటరు నీళ్లకి బెల్లం 60 గ్రాములు, ఉప్పు 2 గ్రాములు, చిటికెడు శొంఠి. మిరియాలు తగ్గించండి, ఏడో గంటకి గొంతులో మంట పెడతాయి. దీనిలో 50 గ్రాములకి పైగా కార్బోహైడ్రేట్, 780 మిల్లీగ్రాముల సోడియం, ఆస్మొలారిటీ ఓఆర్‌ఎస్‌కి దగ్గర్లోనే. పైగా బెల్లంలో గ్లూకోజ్‌తో పాటు ఫ్రక్టోజ్ కూడా వస్తుంది, దానికి పేగులో వేరే ద్వారం ఉంది. గ్లూకోజ్ ఒక్కటే అయితే గంటకి 60 గ్రాముల దగ్గర ఆగిపోతుంది, రెండూ కలిస్తే అలవాటైన కడుపు 90 దాకా తీసుకుంటుంది. నిజం చెప్పాలంటే అల్ట్రా రన్నర్‌కి ఓఆర్‌ఎస్ కన్నా ఉప్పేసిన పానకమే ఎక్కువ పనికొస్తుంది. ఒకటే ఇబ్బంది: బెల్లంలో మడ్డి ఉంటుంది, పల్చటి గుడ్డతో రెండుసార్లు వడకట్టకపోతే ఫ్లాస్క్ వాల్వు మూసుకుపోతుంది.

నమలడానికి చిన్న చక్కెరకేళి, గింజ తీసిన ఖర్జూరం (ఒక్కోదాంట్లో ఐదారు గ్రాముల కార్బోహైడ్రేట్), ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళదుంప (100 గ్రాములకి 18 పైన). పల్లీ పట్టీ జోలికి పోవద్దు. కొవ్వు ఎక్కువ కాబట్టి కడుపులో చాలాసేపు ఉంటుంది, ఎక్కుతూ రొప్పుతున్నప్పుడు ఆ పొడి గొంతులో అడ్డం పడుతుంది.

కొండల సంగతికొస్తే, ఎంత తాగామన్నదానితో పాటు ఎక్కడ తాగామన్నదీ ముఖ్యమే. ఎక్కుడులో ఎలాగూ నడుస్తాం. అప్పుడు రెండు మూడు గుక్కలు తాగాలి, ఒక కొరుకు తినాలి, శిఖరం ఇంకా మూడు నాలుగు నిమిషాలుందనగా ఆపేయాలి. నిండు కడుపుతో దిగితే ప్రతి అడుగుకీ లోపల నీళ్లు ఎగిరి పడతాయి, వికారం అక్కడే మొదలవుతుంది. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు చిన్నది, రద్దీ ఎక్కువ. గుంటూరు వాళ్లకి కొండవీడు ఘాట్ రోడ్డు మలుపులు ఈ సాధనకి బాగా పనికొస్తాయి. పైకి తాగుతూ, కిందికి మూత బిగించి. దారిలో కొట్టు ఉంటుందని నమ్ముకోకుండా రెండు ఫ్లాస్కులూ నింపుకుని వెళ్లండి.

కామ్రేడ్స్ 1921లో మొదలైంది. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య సాగే ఈ పరుగు దిశ సాధారణంగా ఏటా మారుతుంది, గడువు పన్నెండు గంటలు. సముద్రమట్టంలో ఉన్న డర్బన్ నుంచి మొదలయ్యే ఏడాది కౌవీస్, ఫీల్డ్స్, బోథాస్, ఇంచంగా కొండలు వరసగా వస్తాయి. ఆ పైన 800 మీటర్ల ఎత్తున్న ఉమ్లాస్ రోడ్డు, చివరికి ముగింపు గీత ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుందనగా పాలీ షార్ట్స్ కొండ. కడుపు మొండికేసేది ఆ చివర్లోనే. అప్పటికి ఓఆర్‌ఎస్ పక్కనపెట్టి, స్టాళ్లలో ఇచ్చే కోలా చిన్న గుక్కలు, ఉప్పు బంగాళదుంప ముక్కలు తీసుకోవడం తెలివైన పని. అక్కడ నీళ్లు చిన్న ప్లాస్టిక్ సాచెట్లలో ఇస్తారు, మూల కొరికి తాగాలి. వాటిలో పొడి పోయడం కుదరదు. ఖాళీ సాఫ్ట్ ఫ్లాస్కులో నాలుగైదు సాచెట్లు పిండి, తూచి పెట్టుకున్న సగం ప్యాకెట్ పోసుకోవాలి.

బెజవాడ రన్నర్లు ఎక్కువగా బోల్తాపడే చోటు ఇంకొకటి ఉంది. ఈ పరుగు మామూలుగా జూన్‌లో, అంటే అక్కడి చలికాలంలో. దీనికి గట్టి శిక్షణ మనకి మార్చి నుంచి మే దాకా, ఎండ 40 దాటే రోజుల్లో సాగుతుంది. ఇక్కడ గంటకి లీటరుకి పైగా కారిన చెమటను కొలిచి, అదే మోతాదు అక్కడి చల్లటి ఉదయం తాగితే ఒళ్లు నీళ్లు పట్టేస్తుంది. కొలత సులువే. గంట పరుగుకి ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూడాలి. 62.0 కిలోలు 61.1 అయి, మధ్యలో 300 మి.లీ. తాగి ఉంటే చెమట 1.2 లీటర్లు. ఈ లెక్క ఒకటి డిసెంబరు వేకువన, ఒకటి మేలో తీసి పెట్టుకోండి. ప్రయాణానికి డిసెంబరు అంకె పట్టుకెళ్లండి. అది కూడా మొత్తం పూరించడానికి కాదు, దాహాన్ని బట్టి గంటకి 400 నుంచి 700 మి.లీ. మధ్య ఉంటే చాలామందికి చాలు.

ఓఆర్‌ఎస్ తాగుతున్నాం కాబట్టి ఎంత తాగినా ఫర్వాలేదనుకోవడం ప్రమాదం. రక్తంలో సోడియం లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్‌లు ఉంటుంది, ఈ ద్రావణంలో 75. అతిగా తాగితే ఇదీ రక్తాన్ని పల్చన చేస్తుంది. అతిగా నీళ్లు తాగిన దూరపు రన్నర్లు కుప్పకూలడాన్ని 1985లో వైద్యపత్రికలో వివరించింది దక్షిణాఫ్రికా డాక్టరు టిమ్ నోక్స్ బృందమే. ఉంగరం, వాచీ పట్టీ బిగుసుకోవడం, వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, మొదట్లో ఉన్నదానికన్నా బరువు పెరగడం దాని గుర్తులు. అలా అనిపిస్తే ఇంకో బాటిల్ ఎత్తకండి, నేరుగా వైద్య శిబిరానికి వెళ్లండి. మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్ మింగి పరుగెత్తడం కిడ్నీలకీ, ఈ సోడియం చిక్కుకీ రెండింటికీ చేటు. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఇంత ఉప్పు మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగాలి.

రుచుల్లో మా ఓటు నిమ్మకి. నారింజ మూడో గంటకే తీపి అనిపిస్తుంది, రుచి కలపనిది చల్లగా ఉంటే బాగుంటుంది, వేడెక్కితే మందులాగే ఉంటుంది. ముందురోజు రాత్రి ఒక ఫ్లాస్కుని మూడొంతులు నింపి డీప్ ఫ్రీజర్‌లో పెడితే పొద్దెక్కేదాకా చల్లదనం ఉంటుంది. నిండుగా నింపితే గడ్డకట్టి కుట్టు పగులుతుంది. ఇంటికి రాగానే వేడినీళ్లతో కడిగి, మూత తీసి బోర్లించండి. ఒక్క రాత్రి వదిలేస్తే వాల్వులో బూజు చేరుతుంది. ఫ్లాస్కులు పెట్టుకునే రన్నింగ్ వెస్ట్ జిప్పులు కూడా నీళ్లతో కడగాలి, ఉప్పుకి తుప్పు పడతాయి. విమానంలో తీసుకెళ్లేటప్పుడు పేరు లేని కవర్లలో తెల్లపొడి వద్దు. సీలు విప్పని ప్యాకెట్లు ఆరు లగేజీలో పెట్టుకుని, తూచడం హోటల్ గదిలో చేసుకోండి. ఆ చిన్న త్రాసుకి కొత్త బ్యాటరీ వేయడం మరవకండి.