పాత పేపర్లు, పొద్దుటి బ్యాచ్ ప్రశ్నలు, రీకాల్స్: ఏది పంచుకోవడం న్యాయం?

పరీక్ష ప్రశ్నలు పంచుకోవడం అనగానే ముందు లీకేజీ గుర్తొస్తుంది. 2016లో తెలంగాణ ఎంసెట్-2 పేపర్ బయటికి పొక్కింది. మెడిసిన్ సీటు కోసం కష్టపడిన పిల్లలంతా ఆ సెప్టెంబరులో ఎంసెట్-3 రాయాల్సి వచ్చింది. అది దొంగతనం, అందులో తూచి చూసేదేమీ లేదు. నేను మాట్లాడుతున్నది మామూలు విద్యార్థులు దురుద్దేశం లేకుండా ఒకరికొకరు ఇచ్చుకునే ప్రశ్నల గురించి. సీనియర్లు ఇచ్చే పాత పేపర్లు, పొద్దుటి బ్యాచ్ వాళ్లు మధ్యాహ్నం బ్యాచ్‌కి చెప్పే ప్రశ్నలు, పరీక్షయ్యాక గుర్తు తెచ్చుకుని రాసిపెట్టే రీకాల్స్. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టలేం. తేడా తెలియాలంటే రెండు విషయాలు చూడాలి. ఆ ప్రశ్నను ఇంకెవరైనా పరీక్షలో ఎదుర్కోవాల్సి ఉందా? మనం పంచుకున్నది ఎవరికి అందకుండా పోతోంది?

పాత పేపర్ల సంగతి తేలిక. జేఈఈ మెయిన్ అయ్యాక, ఆ పరీక్ష నడిపే ఎన్‌టీఏ పేపర్లు, కీ, ఎవరి రెస్పాన్స్ షీట్ వాళ్లకి ఆన్‌లైన్‌లో పెడుతుంది. కీ తప్పనిపిస్తే ప్రశ్నకు 200 రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయొచ్చు. అందరి ముందూ ఉన్న పేపర్‌ను ఎంత పంచుకుంటే అంత మంచిది. ఇక్కడ తప్పంటూ ఉంటే దాచుకోవడంలోనే ఉంది. చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో పాత మిడ్ పేపర్లు హాస్టల్ సీనియర్ల దగ్గరే తిరుగుతుంటాయి. రోజూ బస్సులో వచ్చిపోయే డేస్కాలర్‌కి, డిప్లొమా చేసి నేరుగా సెకండియర్‌లో చేరిన లేటరల్ ఎంట్రీ విద్యార్థికి అవి చేరవు. అలాంటి పేపర్ మీ దగ్గరుంటే నలుగురు స్నేహితులకి కాదు, క్లాసంతటికీ ఇవ్వండి. లైబ్రరీలో ఒక కాపీ పెట్టించగలిగితే ఇంకా మేలు.

రెండోది అసలైన చిక్కు. ల్యాబ్ ఎక్స్‌టర్నల్ రోజున పొద్దుటి బ్యాచ్ బయటికి రాగానే మధ్యాహ్నం బ్యాచ్ వాళ్లు చుట్టుముడతారు. "వైవాలో ఏం అడిగార్రా? ఏ ప్రోగ్రామ్ పడింది?" చెప్పకపోతే పొగరు అనుకుంటారు. చెబితే స్నేహం నిలుస్తుంది. కానీ ఎగ్జామినర్ ఒక్కరే, అడిగేవీ దాదాపు అవే. పొద్దున ఏ కబురూ అందకుండానే పరీక్షకి కూర్చున్న రోల్ నంబర్లకి ఆ అవకాశం దొరకలేదు. మార్కులు మాత్రం రెండు బ్యాచ్‌లకీ ఒకే మెమోలో వస్తాయి, ఒకే సీజీపీఏలో కలుస్తాయి. మధ్యాహ్నం బ్యాచ్‌లోనూ ఆ కబురు అందేది దోస్తులున్న వాళ్లకే. ఎవరితోనూ పెద్దగా కలవని పిల్లకి ఎవరు చెబుతారు?

జేఈఈ, ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) లాంటి పరీక్షల్లో ఇది కొంచెం వేరు. ఒక్కో షిఫ్ట్‌కి ఒక్కో పేపర్ ఉంటుంది. జేఈఈ మెయిన్‌లో ఏ షిఫ్ట్ పర్సంటైల్ ఆ షిఫ్ట్‌లోనే లెక్క కట్టి తర్వాత కలుపుతారు. పొద్దుటి ప్రశ్నలు సాయంత్రం వాళ్లకి నేరుగా పనికిరావు, పైగా "మ్యాథ్స్ చాలా లెంగ్తీ" అన్న ఒక్క మాటతో రెండో షిఫ్ట్‌కి వెళ్లాల్సినవాడికి టెన్షన్ పట్టుకుంటుంది. చట్టం కూడా దగ్గరికొచ్చింది. పరీక్షల్లో అక్రమాలను అరికట్టడానికి 2024లో కేంద్రం తెచ్చిన పబ్లిక్ పరీక్షల చట్టాన్ని గుర్తుచేస్తూ, ఇంకా జరుగుతున్న పరీక్షల ప్రశ్నలను సోషల్ మీడియాలో చర్చించొద్దని, పంచొద్దని, కేంద్ర ఉద్యోగాలకి పరీక్షలు పెట్టే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2025 సెప్టెంబరులో హెచ్చరించింది. షిఫ్టులన్నీ ముగిసేదాకా ఆగితే పోయేదేమీ లేదు.

అంటే స్నేహితుడికి ఏమీ చెప్పకూడదా? చెప్పొచ్చు. లెక్చరర్ కూడా ఉన్న క్లాస్ గ్రూపులో పెట్టగలిగే మాటైతే చెప్పండి. "రికార్డ్ సంతకాలు చూస్తున్నారు, మర్చిపోకు", "కంగారుపడకు, సార్ నెమ్మదిగానే అడుగుతున్నారు" లాంటివి ఎవరి ముందైనా అనొచ్చు. పేపర్‌లో పడిన ప్రోగ్రామ్ పేరు అలా పెట్టగలరా? పెట్టలేకపోతే, అది చెవిలో చెప్పేది కూడా కాదు.

మూడోది రీకాల్స్. మెడికల్ విద్యార్థులకి ఈ మాట బాగా తెలుసు. ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీలో 200 ప్రశ్నలుంటాయి, పేపర్ బయటికి ఇవ్వరు. ప్రశ్నలు బయటపెట్టబోమని రాసేవాళ్ల చేత ముందే ఒప్పందం తీసుకుంటారు. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివొచ్చే మన పిల్లలు రాసే ఎఫ్‌ఎంజీఈని నడిపేదీ, నీట్ పీజీ నడిపే నేషనల్ బోర్డే. అయినా పరీక్షయిన సాయంత్రమే టెలిగ్రామ్‌లో రీకాల్ పీడీఎఫ్‌లు మొదలవుతాయి. ఒకడు పది, ఇంకొకడు పదిహేను గుర్తుచేసుకుని రాస్తారు.

దీనివల్ల ఏమవుతుందో తేల్చడానికి ఊహలు అక్కర్లేదు. 2002లో చైనా, తైవాన్, దక్షిణ కొరియాల్లో, విదేశాల్లో పీజీ కోసం రాసే జీఆర్‌ఈ ప్రశ్నలు గుర్తుపెట్టుకుని వెబ్‌సైట్లలో పెడుతున్నారని తేలింది. ఆ పరీక్ష నడిపే ఈటీఎస్ అక్కడ కంప్యూటర్ పరీక్ష ఆపేసి మళ్లీ పేపర్ పరీక్షకి వెళ్లింది. ఆ సైట్లు ఎన్నడూ తెరవని వాళ్లూ ఆ భారం మోశారు. 2024 జనవరిలో, అమెరికాలో డాక్టర్ లైసెన్సు కోసం రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ నడిపేవాళ్లు నేపాల్‌తో ముడిపడిన 800 మందికి పైగా డాక్టర్ల స్కోర్లు చెల్లవన్నారు. ముందే ప్రశ్నలు తెలిసి రాశారన్నది వాళ్ల అనుమానం. అమెరికా రెసిడెన్సీ కోసం అదే పరీక్ష రాసే తెలుగు డాక్టర్లు ఎందరో ఉన్నారు. రీకాల్ చదివి గట్టెక్కిన డాక్టర్ రేపు క్యాజువాలిటీలో తెలియని కేసు ముందు నిలబడాలి. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. ఐటీ సర్టిఫికేషన్ల కోసం తిరిగే "డంప్స్" (అసలు పరీక్ష ప్రశ్నల పోగులు) కూడా ఈ కోవలోవే, నష్టం కాస్త చిన్నదంతే.

ఇలా అన్నాక పరీక్ష పెట్టేవాళ్లనీ అడగాలి. పేపర్ దాచినంతకాలం రీకాల్‌కి గిరాకీ ఉంటుంది. కీలో తప్పుందేమో తెలుసుకునే దారి లేక కూడా విద్యార్థులు ప్రశ్నలు పోగుచేసుకుంటారు. ఆ కోరిక న్యాయమైనది. బహుళ షిఫ్టుల్లో జరిగే నీట్ పీజీకి రా స్కోర్లు (సవరించని అసలు మార్కులు), కీలు, షిఫ్టుల మధ్య తేడాను సరిచేసే నార్మలైజేషన్ సూత్రం బయటపెట్టాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది పరీక్ష ఒకే షిఫ్ట్‌లో జరిగింది. కీ ఇచ్చారు గానీ ప్రశ్నలు లేకుండా వాటి ఐడీ నంబర్లతో ఇచ్చారు. ప్రశ్నే కనబడకపోతే ఏ నంబర్‌కి అభ్యంతరం చెప్పాలి?

కాబట్టి నా లెక్కలో పాత పేపర్లదే మొదటి స్థానం, అదీ అందరికీ ఇచ్చినప్పుడు. పొద్దుటి బ్యాచ్ ప్రశ్నలు సాయంత్రం దాకా ఆగాలి. రీకాల్స్ వద్దే వద్దు. కీ గురించిన పోరాటం వేరు. అది ఆర్‌టీఐ దరఖాస్తుతో, కోర్టులో పిటిషన్‌తో, అందరి పేరు మీదా చేయాల్సింది. మీరు అడక్కుండానే ఒక రీకాల్ పీడీఎఫ్ మీ ఫోన్‌కి వచ్చిందనుకోండి. చదివానన్న అపరాధభావంతో నలిగిపోవాల్సిన పనిలేదు గానీ, దాన్ని ఇంకో గ్రూపులోకి ఫార్వర్డ్ చేయకండి, పంపినవాడికి ఎందుకు వద్దో ఫోన్ చేసి చెప్పండి.