ఆర్ఎస్‌వీకి ఏది మేలు: తల్లికి టీకానా, బిడ్డకు యాంటీబాడీ ఇంజక్షనా?

ఆర్ఎస్‌వీ అంటే పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే వైరస్. ఏడో నెల దాటిన గర్భిణులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. అబ్రిస్వో టీకా తాము వేయించుకోవాలా, లేక పుట్టాక బిడ్డకు నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ ఇప్పించాలా? పోలిక సాధారణంగా శాతాలతో మొదలవుతుంది. టీకా ట్రయల్‌లో తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు మొదటి 90 రోజుల్లో 81.8 శాతం, 180 రోజుల్లో 69.4 శాతం తగ్గింది. నిర్సెవిమాబ్ పెద్ద ట్రయల్‌లో డాక్టరు దాకా వెళ్లాల్సి వచ్చిన జబ్బు 150 రోజుల్లో 74.5 శాతం తగ్గింది. కొలిచినవి వేర్వేరు కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి గెలుపోటములు తేల్చలేం. అసలు తేడా ఎఫ్‌సీఆర్ఎన్ గ్రాహకం (కణాల్లో యాంటీబాడీలను పట్టుకుని మోసే ప్రోటీన్) దగ్గరుంది. రెండూ దాని మీదే ఆధారపడతాయి, కాకపోతే టీకా మాయ (ప్లాసెంటా)లో, నిర్సెవిమాబ్ బిడ్డ ఒంట్లో.

మాయ పైపొర కణాలు తల్లి రక్తంలోని ద్రవాన్ని చిన్న బుడగల్లోకి లాక్కుంటాయి. బుడగ లోపల ఆమ్లత్వం పెరిగి పీహెచ్ 6 దాకా పడిపోగానే ఐజీజీ (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకం) తోక భాగం ఎఫ్‌సీఆర్ఎన్‌కు అతుక్కుంటుంది. బుడగ బిడ్డ వైపు తెరుచుకుని పీహెచ్ 7.4కు చేరగానే పట్టు వదులుతుంది. ఈ రవాణా గర్భం మొదట్లో చాలా మందకొడి. 17–22 వారాల్లో బిడ్డ ఐజీజీ తల్లిలో పదో వంతుకు మించదు, 28–32 వారాలకు సగానికి వస్తుంది, నెలలు నిండేసరికి తల్లినే మించిపోతుంది. అందుకే టీకాకు వారాల లెక్క అంత ముఖ్యం. అమెరికాలో 32వ వారం నుంచి 36 వారాల 6 రోజుల దాకా వేస్తారు, బ్రిటన్‌లో 28వ వారం నుంచే మొదలుపెడతారు. తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారు కావాలి, ఆపైన మాయ దాటాలి. టీకా వేసిన 14 రోజుల్లోపే కాన్పు అయితే బిడ్డకు రక్షణ అందనట్టే లెక్కవేసి యాంటీబాడీ ఇస్తారు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆర్ఎస్‌వీ ముప్పు ఎక్కువ, కానీ మాయ అందించింది తక్కువ. టీకాకున్న పెద్ద లోపం ఇదే. తల్లికి హెచ్ఐవీ ఉన్నా, మాయకు మలేరియా సోకినా రవాణా తగ్గుతుంది. తల్లి రక్తంలో మొత్తం ఐజీజీ మరీ ఎక్కువైనా అంతే, గ్రాహకాలు పరిమితం కనుక పోటీ పెరుగుతుంది. మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత జబ్బుకు ఎఫ్గార్టిజిమాడ్ వాడే తల్లుల సంగతి ఇంకా స్పష్టం. ఆ మందు పనే ఎఫ్‌సీఆర్ఎన్‌ను అడ్డుకుని ఐజీజీని తగ్గించడం, కాబట్టి బిడ్డకు చేరే రక్షణ కూడా తగ్గుతుంది.

నిర్సెవిమాబ్‌కు మాయతో పని లేదు. బిడ్డ రక్తనాళాల లోపొర కణాల్లో ఉండే ఎఫ్‌సీఆర్ఎన్, ఐజీజీని అరిగిపోనివ్వకుండా మళ్లీ రక్తంలోకి పంపుతుంది. యాంటీబాడీ తోకలో 252, 254, 256 స్థానాల్లో మూడు అమైనో ఆమ్లాలను మార్చడంతో ఆమ్ల పీహెచ్‌లో పట్టు దాదాపు పది రెట్లు పెరిగింది. 7.4 దగ్గర మాత్రం వదిలేస్తుంది, లేకపోతే రక్తంలోకి తిరిగి రాక ప్రయోజనమే ఉండదు. మామూలు ఐజీజీ అర్ధాయువు (రక్తంలో సగానికి తగ్గే కాలం) మూడు వారాలైతే దీనిది సుమారు 71 రోజులు. ఒక్క ఇంజక్షన్‌తో కనీసం అయిదు నెలలు గడుస్తాయి.

నా మొగ్గు నిర్సెవిమాబ్ వైపే, ముఖ్యంగా కాన్పు ముందే అయ్యే సూచనలుంటే. అయితే టీకాకున్న ఒక బలాన్ని తీసిపారేయలేం. తల్లి ఒళ్లు వైరస్‌లోని ఎఫ్ ప్రోటీన్‌ను పలుచోట్ల పట్టే యాంటీబాడీలు చేస్తుంది, నిర్సెవిమాబ్ ఒక్కచోటే పడుతుంది. సుప్టావుమాబ్ అనే యాంటీబాడీ మూడో దశ ట్రయల్‌లో విఫలమైంది ఇందుకే: ఆర్ఎస్‌వీ-బీ రకంలో అది పట్టుకునే చోటే మారిపోయింది. పైగా తల్లి టీకా పనిచేస్తే బిడ్డ పుట్టిన క్షణం నుంచే రక్షణ ఉంటుంది, పసికందుకు సూది తప్పుతుంది. నెలలు నిండి, టీకా వేళకు పడి ఉంటే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు నిర్సెవిమాబ్ సాధారణంగా అక్కర్లేదు.

క్లెస్రోవిమాబ్ అనే మరో యాంటీబాడీ నిర్సెవిమాబ్ బాటలోనే వచ్చింది, బరువుతో పని లేకుండా 105 మిల్లీగ్రాములు. పాత యాంటీబాడీ పాలివిజుమాబ్ నెలనెలా ఇవ్వాల్సి వచ్చేది, నిర్సెవిమాబ్ గానీ క్లెస్రోవిమాబ్ గానీ దొరికే చోట దానితో పని లేదు. తల్లిపాలు వీటికి బదులు కావు. ఎలుక పిల్లలు పేగులోని ఎఫ్‌సీఆర్ఎన్‌తో పాల నుంచి ఐజీజీ గ్రహిస్తాయి గానీ, మనుషుల పాలలో ఎక్కువగా ఉండేది ఐజీఏ అనే వేరే రకం యాంటీబాడీ.

నిర్సెవిమాబ్ మోతాదు 5 కిలోల లోపు 50, ఆపైన 100 మిల్లీగ్రాములు, తొడ ముందు-బయటి వైపు కండరంలోకి. సిరంజిని కుదపకూడదు. ఫ్రిజ్‌లోంచి తీస్తే 8 గంటల్లో వాడాలి, తిరిగి పెట్టకూడదు. జాగ్రత్త పడాల్సిన పొరపాటు మందులు తారుమారు కావడం: గర్భిణికి వృద్ధుల టీకా అరెక్స్‌వీ, బిడ్డకు అబ్రిస్వో ఇచ్చిన సందర్భాలున్నాయి. పెట్టె మీది పేరు బయటికి చదివాకే సూది ఎత్తాలి. తల్లికి టీకా వేసిన తేదీ కాన్పు కాగితాల్లో రాసి ఉండాలి. ఆ తేదీ ఎక్కడా దొరకకపోతే టీకా పడనట్టే భావించి బిడ్డకు యాంటీబాడీ ఇవ్వాలి.