స్టేషనరీ, స్టేషనరీ: ఒక్క అక్షరం తేడా

తెలుగు లిపిలో రెండింటినీ ‘స్టేషనరీ’ అనే రాస్తాం, పలకడంలోనూ తేడా దాదాపు వినిపించదు. ఇంగ్లిషు స్పెల్లింగులో మాత్రం చివరి నుంచి మూడో అక్షరం ‘ఎ’ (a) అయితే అది కదలకుండా ఉన్నదాన్ని తెలిపే విశేషణం, ‘ఇ’ (e) అయితే కాగితాలు, కవర్లు, పెన్నుల వంటి రాత సామగ్రిని తెలిపే నామవాచకం. నిలిచి ఉన్న బస్సుకూ, భౌతికశాస్త్రంలోని స్థిర తరంగాలకూ మొదటిది వాడాలి. దుకాణం బోర్డు మీద ఉండవలసింది రెండోది.

విచిత్రమేమిటంటే, ఈ రెండు పదాల మూలం ఒక్కటే. మధ్యయుగపు ఐరోపాలో ఊరూరా తిరిగి అమ్మేవారికి భిన్నంగా, తరచు విశ్వవిద్యాలయాల దగ్గర ఒకేచోట అంగడి పెట్టుకుని పుస్తకాలు అమ్మేవారిని ‘స్టేషనర్’ అనేవారు. లండన్‌లో 1403లో ఏర్పడిన వారి సంఘానికి 1557లో రాజశాసనం కూడా లభించింది. బేకర్ నుంచి బేకరీ వచ్చినట్టే స్టేషనర్ అమ్మే సరుకు స్టేషనరీ అయింది కాబట్టి, ‘ఇ’ ఎందుకు ఉందో కూడా తెలిసిపోతుంది. ‘ఎన్వలప్’ (envelope) ఇంగ్లిషు స్పెల్లింగులోని మొదటి అక్షరం ‘ఇ’ (e)తో గుర్తుపెట్టుకోమనే చిట్కా కన్నా నాకు ఇదే గట్టిదనిపిస్తుంది.

రాత సామగ్రి అనే అర్థంలో ఈ పదానికి బహువచనం లేదు, కనుక ‘స్టేషనరీస్’ అనడం పొరపాటు. రెండూ నిఘంటువులో ఉన్న పదాలే కావడంతో, ఒకదానికి బదులు మరొకటి టైపు చేసినా కంప్యూటర్‌లోని స్పెల్‌చెకర్ చాలాసార్లు తప్పు చూపదు.