విండోస్ 10 నుంచి 11కి మారాలా? ఇంటి డెస్క్‌టాప్ మీద చాన్నాళ్లు వాడాక

సిస్టమ్ నెల్లూరులో అసెంబుల్ చేయించింది. ఐ5-8400 ప్రాసెసర్, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ, డేటాకి పాత 1 టీబీ హార్డ్‌డిస్క్. బ్యాంకు పనులు, పిల్లల చదువు, జీఎస్‌టీ రిటర్నులు, తెలుగు టైపింగు, ప్రింట్లు, అన్నీ దీంట్లోనే. ఈ స్థాయి సిస్టమ్ ఉన్నవాళ్లు నిశ్చింతగా 11కి మారొచ్చు. ఏడో తరం, అంతకంటే పాత ఇంటెల్ అయితే మాత్రం బలవంతాన ఎక్కించొద్దు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. సిస్టమ్ ఆగిపోదు, భద్రతా ప్యాచ్‌లు ఆగిపోతాయి. ఇళ్లలో వాడేవాళ్లకి మరో ఏడాది, 2026 అక్టోబర్ 13 వరకు, ఈఎస్‌యూ (పొడిగించిన భద్రతా అప్‌డేట్లు) పేరుతో ప్యాచ్‌లు తీసుకునే వీలు పెట్టారు. దానికి విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ లింకు కనిపిస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. కాకపోతే అదే ఊపులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫొటోలు కూడా వన్‌డ్రైవ్‌లోకి పంపేస్తే ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండిపోయి, కొనమని రోజూ సతాయిస్తుంది. ఆ ఫోల్డర్ల టిక్కులు తీసేయండి.

మారడానికి ముందు చూసుకోవాల్సింది ప్రాసెసర్ తరం. సెకండ్‌హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లు అమ్మేవాళ్లు 'ఐ5 సార్, ఎస్ఎస్‌డీ కూడా వేశాం' అంటారు గానీ తరం ఊసెత్తరు. ఐ5-6500 అంటే ఆరో తరం, 8400 అంటే ఎనిమిది, 10400 అంటే పది. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిది నుంచి పైవే 11కి పనికొస్తాయి. ఏఎండీ రైజెన్‌లో 2000 సిరీస్‌లో కొన్ని, 3000 నుంచి దాదాపు అన్నీ. అనుమానముంటే మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ రన్ చేస్తే సరి. అది 'టీపీఎం లేదు' (టీపీఎం అంటే కీలు దాచే భద్రతా భాగం) అన్నా కంగారుపడొద్దు. ఎనిమిదో తరం బోర్డుల్లో టీపీఎం ఉంటుంది, బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుంది అంతే. ఇంటెల్ బోర్డులో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని వెతికి ఎనేబుల్ చేయాలి.

అసలు చిక్కు డిస్కు దగ్గర వస్తుంది. మన వైపు ఫార్మాట్ కొట్టేవాళ్లు చాలామంది సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు డ్రైవులు చేసి, ఎంబీఆర్ అనే పాత డిస్కు పద్ధతిలో లెగసీ (పాత తరహా) బూట్ పెట్టి ఇస్తారు. 11 సెటప్‌కి యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బూట్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) సామర్థ్యం కావాలి. అలాగని ముందే బయాస్‌లోకెళ్లి సీఎస్‌ఎం (లెగసీ బూట్‌ని నడిపించే సెట్టింగు) ఆపేస్తే ఉన్న విండోస్ 10 కూడా బూట్ కాదు. వరస ఇది: డేటా బయటి డిస్కులోకి కాపీ చేసుకోవాలి, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి డిస్కుని కొత్త జీపీటీ పద్ధతికి మార్చే ఎంబీఆర్2జీపీటీని వ్యాలిడేట్, అలౌఫుల్ఓఎస్ అనే రెండు స్విచ్‌లతో నడపాలి. అది సరే అంటేనే వ్యాలిడేట్ స్థానంలో కన్వర్ట్ పెట్టి మళ్లీ నడపాలి. తర్వాతే బయాస్‌లో సీఎస్‌ఎం ఆపి, సెక్యూర్ బూట్ ఆన్ చేయాలి. బూట్ డిస్కులో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా, ప్రైమరీ పార్టిషన్లు మూడు దాటినా వ్యాలిడేషన్ ఫెయిలవుతుంది. ఆ నాలుగు డ్రైవుల పద్ధతి దెబ్బకొట్టేది ఇక్కడే. అప్పుడు డీ, ఈలలో ఉన్నదంతా బయటికి తీసి, డిస్కు తుడిచేసి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో 11ని కొత్తగా వేయడమే శుభ్రం.

ఇంతకంటే ఎవరూ పట్టించుకోనిది బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ. ఉరుములు మెరుపుల భయానికి రాత్రిళ్లు గోడ స్విచ్ ఆపేయడం మన ఇళ్లలో మామూలే. బ్యాటరీ అయిపోయిన సిస్టమ్‌లో అలా ఆపిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది, బయాస్ సెట్టింగ్స్ మొదటికొస్తాయి. విండోస్ 10 లెగసీలో ఉన్నన్నాళ్లూ తేదీ సరిచేసుకుంటే సరిపోయేది. 11కి మారాక అలా కుదరదు. పీటీటీ ఆగిపోతుంది, కొన్ని బోర్డుల్లో బూట్ లెగసీకి పోయి 'బూట్ డివైస్ లేదు' అంటుంది. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ గానీ ఆ తర్వాతిది గానీ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, హార్డ్‌వేర్ అనుకూలిస్తే, ఈ ఎన్‌క్రిప్షన్ హోమ్ ఎడిషన్‌లో కూడా దానంతటదే ఆన్ అవుతుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. కాబట్టి కీని అకౌంట్ పేజీలో చూసుకుని ఓ కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పెట్టండి. బ్యాటరీని మల్టీమీటర్‌తో చూస్తే 3 వోల్టులు చూపించాలి, 2.7కి దిగిందంటే మార్చేయడమే. వంద రూపాయల లోపు పని.

అప్‌గ్రేడ్ నడిచేటప్పుడు కరెంటు పోకూడదు. ఇన్వర్టర్ ఉందిగా అనుకోవద్దు. వెనక స్విచ్ నార్మల్ మోడ్‌లో ఉంటే కరెంటు మారే లిప్తపాటులోనే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకోవద్దు, ప్రాసెసర్ చాలాసేపు పూర్తి లోడ్ మీద నడుస్తుంది. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి వైపు ఇళ్లలో అయితే ముందు ఫ్యాన్‌లో దుమ్ము ఊదించండి. సీ డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉంచండి.

వాడకానికొస్తే, ఎస్ఎస్‌డీ మీద 10కీ 11కీ వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 8 జీబీ ర్యామ్ ఇంటి పనికి సరిపోతుంది. 4 జీబీతో వేసుకోవచ్చని కంపెనీ అంటుంది, అది కాగితం మీద మాట. హార్డ్‌డిస్కు మీద 11 వేస్తే ఆన్ చేశాక చాలాసేపు డిస్కు వంద శాతంలోనే కొట్టుకుంటుంది, ఆ పని అసలు చేయొద్దు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబులు బాగా పనికొచ్చాయి. రైట్‌క్లిక్ మెనూ సగం దాచి 'షో మోర్ ఆప్షన్స్' అనడం ఇప్పటికీ చిరాకే, షిఫ్ట్ ఎఫ్10 నొక్కడం అలవాటు చేసుకోవాలి. విడ్జెట్స్ వార్తలు మొదటిరోజే ఆపేయొచ్చు.

24హెచ్2 నుంచి వర్డ్‌ప్యాడ్ తీసేశారు. ఆఫీస్ కొనకుండా ఉత్తరాలు అందులో టైపు చేసుకునే పెద్దవాళ్లకి లిబ్రేఆఫీస్ వేసివ్వండి. తెలుగు టైపింగులో ఇబ్బందేమీ లేదు, ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ రెండూ లోపలే ఉన్నాయి. విండోస్, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. పాత ఫైళ్లలో గౌతమి ఫాంటు కనిపించకపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కించాలి. పేజ్‌మేకర్‌లో అను స్క్రిప్టుతో (తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్) శుభలేఖలు చేసేవాళ్లు రెండిటినీ ఒకే స్థాయిలో నడపాలి. పేజ్‌మేకర్‌ని అడ్మిన్‌గా తెరిచి అను మేనేజర్‌ని మామూలుగా వదిలేస్తే తెలుగు పడదు. కేనన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత లేజర్ ప్రింటర్ 'ఆఫ్‌లైన్' చూపిస్తే, యూఎస్‌బీ వైరు పీకి, పాత డ్రైవర్ తీసేసి, 64 బిట్ డ్రైవర్ మళ్లీ వేసి, అది అడిగినప్పుడే వైరు పెట్టాలి. మెమరీ ఇంటెగ్రిటీ అనే విండోస్ భద్రతా సెట్టింగు ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం టోకెన్ల పాత డ్రైవర్లని అడ్డుకోవచ్చు. ఆ సెట్టింగు ఆపడం కంటే టోకెన్‌కి కొత్త డ్రైవర్ వెతకడం మేలు.

ఆరు, ఏడు తరాల సిస్టమ్‌ల మీద రూఫస్ అనే ప్రోగ్రాంతో తనిఖీలు దాటించి 11 వేసిచ్చేవాళ్లు ఉన్నారు. పనిచేస్తుంది కూడా. కానీ ఏటా వచ్చే కొత్త వెర్షన్ దానంతటది రాదు, ప్రతిసారీ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దించి అదే తంతు. ఈఎస్‌యూ గడువు దాకా 10లోనే ఉండి, ఆ తర్వాత బ్రౌజరు, యూట్యూబు తప్ప వేరే అవసరం లేని ఇంట్లో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయడం నయం. ట్యాలీ, టోకెన్ అవసరమైతే కొత్త సిస్టమ్‌కి డబ్బు దాచుకోండి.

మారాక నచ్చకపోతే 10 రోజుల్లోపు రికవరీ పేజీలోంచి వెనక్కి రావచ్చు. డిస్మ్ కమాండ్‌తో ఆ గడువుని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు, అదీ మొదటి 10 రోజుల్లోనే చేయాలి. అన్నాళ్లూ పాత విండోస్ ఉండే విండోస్.ఓల్డ్ ఫోల్డర్ జోలికి వెళ్లొద్దు. డిస్క్ క్లీనప్ చేస్తూ ఆ టిక్కు పెట్టారంటే వెనక్కి రావడానికి ఫార్మాట్ ఒక్కటే మిగులుతుంది.